చివరి ఆయకట్టుకు అందని సీరియల్

నన్ను అంతర్జాల పంపిణీ సంస్థకు డిప్యుటేషన్ మీద వేసేనాటికి అంతర్జాలం గురించి నాకు తెలిసింది ఒక్కటే. మా ఇంట్లో అది హాలు గోడకున్న తెల్ల డబ్బాలోంచి వస్తుంది. రాకపోతే ఆ డబ్బాను ఒకసారి ఆర్పి మళ్లీ వెలిగించాలి. ఆ పని కూడా మా ఆవిడ రాజ్యమే చేసేది. నేను పక్కన నిలబడి "వచ్చిందా?" అని అడిగేవాణ్ణి.

నా పేరు గుత్తుల ముక్తేశ్వరరావు. గోదావరి డెల్టా కాలవల మీద ఇంజనీరుగా పనిచేస్తూ చాలామంది రైతుల చేత రకరకాల తిట్లు తిన్నవాణ్ణి. ఆ సంస్థవారు మందపర్రు పట్టణంలో కొత్తగా ఆఫీసు తెరిచి, "ప్రవాహ నియంత్రణలో విశేషానుభవం గల అధికారి కావలెను" అని ప్రకటన వేశారు. ఏ ప్రవాహమో నేను అడగలేదు. ఏ అనుభవమో వాళ్లూ అడగలేదు. ఒక్కడే దరఖాస్తు పెట్టాడు, ఆ ఒక్కణ్ణే పోటీలో ఎంపిక చేశారు.

చేరిన మూడోరోజే ఊరివాళ్లు గుంపుగా ఆఫీసు మీదికి వచ్చారు. ముందు నడుస్తున్నవాడు మెయిన్ రోడ్డు మీద టిఫిన్ హోటలు నడిపే బుల్లబ్బాయి. పేరుకే బుల్లబ్బాయి, వయసు యాభై దాటింది.

"ఏవండీ, ఊళ్లో డిష్షులన్నీ పీకేసుకున్నామండి. అందరం నెట్టు టీవీలే పెట్టుకున్నామండి. సాయంత్రం ఏడున్నరకి 'మా ఇంటి గుమ్మడిపూలు' సీరియల్ మొదలవుద్దండి. అయిదు నిమిషాలు ఆడి ఆగిపోద్దండి. నిన్న ఆ కోడలు గుమ్మంలో కాలు ఎత్తి, అలాగే ఉండిపోయిందండి. అరగంట. మనకే కాళ్లు పీకాయండి."

నేను గంభీరంగా తలూపి, ఆఫీసులో పని తెలిసిన ఏకైక వ్యక్తి వైపు చూశాను. ఆమె పేరు రెహానా. సాంకేతిక సహాయకురాలు. ఇరవై ఆరేళ్లుంటాయి. స్తంభం ఎక్కడం, తీగ అతకడం, అధికారిని నొప్పించకుండా నిజం చెప్పడం, మూడూ వచ్చినమ్మాయి.

"సార్, ఊళ్లోకొచ్చే లైను ఒక్కటే. అది వేసినప్పుడు జనం ఫోన్లలో ఫొటోలు పంపుకునేవారు, అంతే. ఇప్పుడు మూడు వేల ఇళ్లలో పెద్ద పెద్ద టీవీలు. ఏడున్నరకి అందరూ ఒక్కసారే మీట నొక్కుతారు. ఆ లైను తట్టుకోలేదు."

"మరి ఏం చేయాలి?"

"హైవే జంక్షన్ నుంచి రెండో లైను లాగాలి సార్. నాలుగు కిలోమీటర్లు. స్తంభాలున్నాయి. కేబులు చుట్ట మన గోడౌన్లోనే రెండేళ్లుగా పడి ఉంది. ఎనిమిదిమంది మనుషులుంటే రెండు రోజుల పని."

పని అంత తేలికని తెలిసేసరికి నాకు అనుమానం వచ్చింది. ప్రభుత్వంలో రెండు రోజుల్లో అయ్యే పనిని రెండేళ్లు ఆపారంటే దాని వెనక ఏదో గొప్ప కారణం ఉండాలి. ఆ కారణం తెలుసుకోవడానికి రాజధానిలో ఉన్న డైరెక్టర్ నీలకంఠంగారితో వీడియో సమావేశం పెట్టించాను.

ఆయన తెర మీద కనిపించి, "అవసరం నిరూపణ కాకుండా సరఫరా పెంచడమనేది..." అన్నారు. నోరు తెరిచి ఉండగానే బొమ్మ ఆగిపోయింది. ఉన్నతాధికారి నోరు తెరిచి ఉన్నంతసేపూ మనం వింటున్నట్టే కూర్చోవాలి కాబట్టి నేనూ రెహానా పదిహేను నిమిషాలు శ్రద్ధగా కూర్చున్నాం. బొమ్మ కదిలేసరికి ఆయన ముగింపులో ఉన్నారు.

"...కాలం చెల్లిన ఆలోచన. గిరాకీని క్రమశిక్షణలో పెట్టడమే ఆధునిక పరిపాలన. తమరు స్థానికంగా ఒక నవీన పద్ధతిని రూపొందించి సాఫల్య నివేదిక సమర్పించగలరు. పద్ధతి కంటే నివేదిక ముందొచ్చినా మాకు ఆక్షేపణ లేదు."

ఆ సాయంత్రం కుర్చీలో వాలి ఆలోచిస్తుంటే నాకు తళుక్కున వెలిగింది. కాలవలో నీళ్లు చాలనప్పుడు ఏం చేస్తాం? ఇంకో కాలవ తవ్వుతామా? తవ్వం. వంతులు పెడతాం. పైవాళ్లకు రెండు రోజులు, మధ్యవాళ్లకు రెండు రోజులు, చివరి ఆయకట్టుకు రెండు రోజులు. నీళ్లు నీళ్లే, సీరియల్ సీరియలే, కానీ వంతు ఎక్కడైనా వంతే కదా! నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను. రాజ్యాన్ని పిలిచి చెప్పాను.

"కాలవలో నీళ్లే సరిగ్గా ఇవ్వలేకపోయారు. ఇప్పుడు టీవీలో దిగారా?" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. మేధావులకు ఇంట్లో గౌరవం ఉండదని సరిపెట్టుకున్నాను.

నా ప్రతిపాదన డైరెక్టర్‌గారికి ఎంత నచ్చిందంటే, తొమ్మిది రోజుల్లో ఉత్తర్వు వచ్చేసింది. "మందపర్రు పట్టణంలో వీక్షణ వంతుల విధానము అమలుపరచుటకు, నీటిపారుదల నియమాలన్నియు యథాతథంగా వర్తించునని ఇందుమూలముగా ఆదేశించడమైనది." ఆ 'అన్నియు' అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశారు.

ఇక నన్ను ఆపేవాళ్లు లేకపోయారు.

ఊరిని మూడు ముక్కలు చేశాను. ఆఫీసు దగ్గరున్న మెయిన్ రోడ్డు తల భాగం, సోమ గురువారాలు. మా ఇల్లున్న పేటలు మధ్య భాగం, మంగళ శుక్రవారాలు. ఏటి పాయ దాటి ఉన్న చిట్టిలంక చివరి ఆయకట్టు, బుధ శనివారాలు. ఆదివారం కాలవ కట్టు, అంటే ఎవరికీ లేదు. ఆదివారమే క్రికెట్ మ్యాచీలుంటాయని రెహానా గుర్తు చేసింది. కాలవ కట్టేటప్పుడు పంట ఏ దశలో ఉందని అడగడం మా శాఖలో ఆనవాయితీ కాదని చెప్పాను.

ఎవరు ఏం చూస్తారో ముందే రాసివ్వాలన్నాను. వార్తలు, భక్తి కార్యక్రమాలు తక్కువ నీళ్లతో పండే ఆరుతడి పంటలు, వాటికి తేలిగ్గా అనుమతి. సీరియళ్లు వరి. సినిమా మాత్రం చెరకు కింద లెక్క, దానికి నెల ముందు దరఖాస్తు. పిల్లల బొమ్మల కార్యక్రమాలను ఏ పంట కింద వెయ్యాలో తేలక పది రోజులు ఆపాను. చివరికి కూరగాయల్లో కలిపాను.

వీధి వీధికి స్తంభం మీద ఒక పెట్టె, పెట్టెకు మీట, మీటకు తాళం. కంప్యూటర్లోంచే కట్టొచ్చు సార్ అని రెహానా అన్నది. తూము అన్నాక తాళం ఉండాలి, తాళం అన్నాక లస్కరు ఉండాలి అన్నాను. లస్కరంటే కాలవ గట్టు మీద తిరిగి తూములు ఎత్తేవాడు. మా పాత శాఖలో రిటైరైన గంగరాజును పిలిపించాను. ముప్ఫై ఏళ్లు గొడుగూ తాళాల గుత్తీతో గట్టు మీద తిరిగిన మనిషి. నేను చీటీ రాసిస్తే తప్ప తాళం తియ్యకూడదని చెప్పాను.

"ఆయ్. చీటీ లేందే దేవుడొచ్చి అడిగినా తియ్యనండి," అన్నాడు. ఆ మాటకు నేను చాలా సంతోషించాను. తరవాత అంతగా విచారించిన మాట ఇంకోటి లేదు.

వంతులు మొదలైన వారంలోనే దొంగ వీక్షణం బయల్దేరింది. మా పేటలో మంగళ శుక్రవారాలే లైను. కథ మాత్రం రోజూ నడుస్తుంది. సోమవారం మెయిన్ రోడ్డువాళ్లు ముందే చూసేసి, మంగళవారం పొద్దున్న కూరగాయల బజారులో మా పేటవాళ్లు ఇంకా చూడని కథంతా చెప్పేస్తున్నారు. మా పేట ఆడవాళ్లు చెవులు మూసుకుని వంకాయలు ఏరుకునే పరిస్థితి వచ్చింది.

ఒక గురువారం సాయంత్రం గంగరాజు మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బాబూ, మన పేటలో గండి కొట్టారండి. వెనక వీధి మెయిన్ రోడ్డు కిందకొస్తాది కదండీ. ఆ వీధి సత్యవతమ్మగారి లైను గోడ దాటొచ్చి ఒకింట్లో పారుతోందండి."

"ఎవరిల్లు? పేరు రాసుకో."

గంగరాజు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. "తవరిదేనండి."

హాల్లోంచి గుమ్మడిపూలు సీరియల్ పాట శ్రావ్యంగా వినిపిస్తోంది.

చట్టం ముందు అందరూ సమానమే. మర్నాడు ఆఫీసులో విచారణ పెట్టాను. రాజ్యం కొత్త చీర కట్టుకుని, నాకు భోజనం క్యారేజీ కూడా తెచ్చి, నా ఎదురుగా కూర్చుంది.

"తమరు శ్రీమతి గుత్తుల రాజ్యలక్ష్మిగారేనా?" అని అడిగాను.

"ముప్ఫై ఏళ్లుగా అదే అనుకుంటున్నాను. మీకేమైనా అనుమానమా?"

"పరుల లైనును అక్రమంగా మళ్లించుకున్నారని అభియోగం."

"అక్రమమేంటి? సత్యవతిగారే పాస్‌వర్డు చెప్పారు. నేను ఉసిరికాయ పచ్చడి ఇచ్చాను. ఆవిడ పెరట్లో కరివేపాకు రోజూ కోసుకొస్తాను, దానికీ నోటీసిస్తారా?"

మూలన కంప్యూటరు ముందు రెహానా దగ్గు వచ్చినట్టు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను నియమావళి తిరగేసి, మా ఇంటి లైను పదిహేను రోజులు నిలిపివేస్తూ సంతకం పెట్టాను. ఆ పదిహేను రోజులూ రాజ్యం సాయంత్రం ఆరున్నరకే అన్నం గిన్నె మీద మూత పెట్టి సత్యవతిగారింటికి వెళ్లిపోయేది. నా నిజాయితీని గురించి ఊళ్లో అందరూ చెప్పుకున్నారు. ఏమని చెప్పుకున్నారో ఎవరూ నాతో చెప్పలేదు.

నెల తిరిగేసరికి ఒక అద్భుతం జరిగింది. లైను మీద భారం తగ్గుకుంటూ పోయి తొమ్మిదో వంతుకు వచ్చింది. రెహానా తీసిన గ్రాఫు కాగితం చూసి నాకు కళ్లు చెమర్చాయి. నా ఉద్యోగంలో నేను పెట్టిన ఏ పథకమూ ఇలా ఫలించలేదు.

"జనం చూడ్డం తగ్గించేశారు!" అన్నాను.

"తగ్గించలేదు సార్. ఒకసారి బయటికొచ్చి చూడండి," అన్నది రెహానా.

ఆ సాయంత్రం మెయిన్ రోడ్డు మీద నడిచాను. వంతు వాళ్లదే అయినా ఏ ఇంట్లోనూ టీవీ ఆడటం లేదు. అనుమతి పత్రాలు నింపలేక, లస్కరు తొంగిచూపులు పడలేక అందరూ మానేశారు. బుల్లబ్బాయి ఒక్కడే సరిగ్గా దరఖాస్తు పెట్టుకుని, టీవీని హోటలు బయట బల్ల మీద పెట్టాడు. ఆ ఒక్క టీవీ ముందు వీధంతా కూర్చుని ఉంది. లంకవాళ్లు పడవ దాటి వచ్చారు. పిల్లలు ముందు, ముసలివాళ్లు కుర్చీల్లో, మగవాళ్లు నిలబడి. మూడో వరసలో రాజ్యం, సత్యవతిగారు పల్లీలు తింటున్నారు. నన్ను చూసి రాజ్యం కొంచెం జరిగి చోటిచ్చింది. నేను హోదా గుర్తొచ్చి కూర్చోలేదు.

గ్రాఫు మాత్రం డైరెక్టర్‌గారికి పంపేశాను.

ఇదిలా ఉండగా చిట్టిలంక ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే నర్సు సువార్తమ్మ నా దగ్గరకు వచ్చింది. ఆ లంకలో డాక్టరు లేడు. టవునులోని డాక్టరుగారు వీడియోలో రోగిని చూసి మందులు చెబుతారు. బుధ శనివారాలు తప్ప తతిమ్మా రోజుల్లో ఆయన కనబడటం లేదు.

"లంకలో ఫోను మాట అయితే వినబడతాదండి. ఫొటో పంపాలంటే మాత్రం పడవెక్కి ఇవతలికి రావాలండి. మా కేంద్రానికి రోజూ లైను ఉండేలా చూడండి సార్, మీకు పుణ్యముంటాది."

నేను సానుభూతితోనే విన్నాను. తాగునీటికి మా శాఖలో వంతుల్లేవు. ఆ కోటా కింద మినహాయింపు ఇవ్వచ్చు. అయితే దానికి దరఖాస్తు సంస్థ వెబ్‌సైటులోనే, ఉపకేంద్రం లైను నుంచే పెట్టుకోవాలి. వెబ్‌సైటు దరఖాస్తులు తీసుకునేది సోమవారం ఒక్కరోజే. సోమవారం లంకకు లైను లేదు.

"సార్, ఇది మనమే సరిచెయ్యొచ్చు," అన్నది రెహానా.

"సరిచెయ్యొచ్చు. పై అధికారులకు రాద్దాం," అన్నాను. రాశాను కూడా. జవాబు కోసం ఎదురుచూడ్డంలో నాకు ఎవరూ సాటిరారు.

ఆ సోమవారం మధ్యాహ్నం మూడు దాటాక నా ఫోను మోగింది. అవతల సువార్తమ్మ.

"సార్, మీ గంగరాజుగారిని పాము కరిచిందండి. ఇక్కడ లంకలో ఎవరింట్లోనో దొంగ టీవీ ఆడుతోందేమోనని అరటి బోదెల వెనక నక్కి కిటికీలోంచి చూస్తుంటే కాలి మీద వేసిందండి. మనిషికి చెమటలు పట్టేశాయి. ఊపిరందటం లేదంటున్నారు. పామును కొట్టి తెచ్చారు గాని ఏం పామో మాకెవరికీ తెలియట్లేదండి. డాక్టరుగారు చూపించమంటున్నారు. లైను కట్టేసి ఉందండి!"

"తాళం గంగరాజు దగ్గరే ఉంటుంది, తీసుకోండి!"

"మొలకి కట్టుకున్నాడండి. అడిగితే ఇవ్వట్లేదు. చీటీ ఏదీ అంటున్నాడు!"

ఫోనులోంచి గంగరాజు మూలుగు నాకూ వినబడింది. "చీటీ... చీటీ లేందే..."

ఇప్పుడు నేను చెప్పబోయేది నాకు చెప్పాలని లేదు. ఆ క్షణంలో నేను ఫోనులో గట్టిగా "ఇచ్చెయ్ గంగరాజూ" అని ఉండాల్సింది. అది నాకు తోచలేదు. నాకు తోచింది చీటీ. సొరుగు లాగి చీటీల పుస్తకం తీశాను. తేదీ వేశాను. క్రమసంఖ్య వేశాను. 'విషయము' అని రాసి, పాముకాటు ఏ నియమం కిందికి వస్తుందా అని నియమావళి తిరగేస్తున్నాను. నలభై ఏళ్ల చదువూ ఉద్యోగమూ కలిసి నా చేతిని ఆ కాగితం మీదే పట్టి ఉంచాయి. మనసులో మాత్రం గంగరాజు పోయినట్టే, అతని భార్య వచ్చి నా ముందు నిలబడినట్టే ఉంది.

అప్పుడే ఫోనులో ఫట్‌మని చప్పుడైంది. ఇంకోసారి ఫట్. తరవాత రెహానా గొంతు.

"సార్, తాళం పగలగొట్టేశాను. లైను ఇచ్చేశాను."

లంకలో ఏదో అతుకు సరిచూడ్డానికి వెళ్లిందట. కేకలు విని పరిగెత్తుకొచ్చి, చుట్టూ మూగిన మనుషుల్ని తోసుకుని, గట్టు మీది బండరాయి తీసుకుని పెట్టె తాళాన్ని రెండు దెబ్బల్లో ఊడగొట్టింది.

నేను స్కూటరు మీద రేవుకు, రేవు నుంచి పడవలో లంకకు చేరేసరికి డాక్టరుగారు తెర మీద ఉన్నారు. సువార్తమ్మ చచ్చిన పామును కర్రతో ఎత్తి చూపిస్తోంది. ఆయన అటు తిప్పమన్నారు, ఇటు తిప్పమన్నారు. కాటును దగ్గరగా చూపించమన్నారు. తరవాత నవ్వారు.

"నీరుకట్టె. విషం లేదు. గాయం కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ చెయ్యండి. ఆ పెద్దాయన గుండె భయంతో ఆగేలా ఉంది, ముందు ఆయనకు ధైర్యం చెప్పండి."

ఆ మాట వినగానే గంగరాజుకు ఊపిరి ఆడింది. నన్ను చూసి మంచం మీద లేవబోయాడు.

"బాబూ, నేను తాళం ఇవ్వలేదండి. నా తప్పేం లేదండి."

అతని భుజం పట్టి పడుకోబెట్టాను. "నీ తప్పు కాదు గంగరాజూ. నాది," అన్నాను. వాక్యం చిన్నదే గాని అంతకు ముందు ఎప్పుడూ వాడనిది కావడంతో బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

రెహానా గడప మీద కూర్చుని ఉంది. చేయి చీరుకుని రక్తం కారుతోంది. సువార్తమ్మ దూది పెడుతోంది. రెహానా నా వైపు చూడలేదు. చూడనందుకు నేను లోపల్లోపల కృతజ్ఞుణ్ణయ్యాను.

వారం తిరక్కుండా డైరెక్టర్ నీలకంఠంగారు స్వయంగా విచ్చేశారు. శాలువా, జ్ఞాపిక వెంట తెచ్చుకున్నారు. అవి నాకేనని తర్వాత తెలిసింది. గ్రాఫు ముందు నిలబడి దాన్ని తన స్వహస్తాలతో కిందికి దించినట్టు చూశారు.

"ప్రజలలో వీక్షణ సంయమనం నెలకొల్పిన మొట్టమొదటి పట్టణంగా మందపర్రు చరిత్ర సృష్టించింది. ఈ వినియోగానికి ఉన్న లైనులో తొమ్మిదో వంతు చాలు. కావున రెండో లైను ప్రతిపాదన ఉపసంహరించడమైనది. గోడౌన్లోని కేబులు చుట్టను సోమవారం లారీ వచ్చి తీసుకుపోవును."

"అయ్యా, జనం చూడ్డం మానలేదండి. అందరూ కలిసి ఒకే టీవీలో చూస్తున్నారు," అన్నాను.

"ఉమ్మడి వీక్షణమన్నమాట. దానిని కూడా మన విజయాలలో చేర్చండి." ఆయన గొంతు సవరించుకున్నారు. "మరొక అంశం. సంస్థ ఆస్తియైన తాళమును ధ్వంసం చేసినట్లు తెలియవచ్చింది. సదరు ఉద్యోగిని నుండి సంజాయిషీ కోరి, విధుల నుండి తొలగించుటకు సిఫారసు పంపగలరు."

రెహానా బల్ల పక్కనే నిలబడి ఉంది. కట్టు కట్టిన చేతిని వెనక్కి పెట్టుకుంది.

"తాళం నేనే పగలగొట్టమన్నానండి," అన్నాను.

అబద్ధమే. ఆఫీసులో నేను చెప్పిన అబద్ధాల్లో సిగ్గుపడనిది అదొక్కటే. డైరెక్టర్‌గారు శాలువాను మళ్లీ సంచిలో పెట్టించారు. "అయితే సంజాయిషీ తమరే ఇవ్వగలరు," అని కారెక్కారు.

అది శుక్రవారం. లారీ వచ్చేది సోమవారం. కారు మలుపు తిరగగానే నేను నియమావళి తీశాను. ఈసారి వెతుకుతున్నదేమిటో నాకు తెలుసు. కాలవ శాఖలో నియమాలన్నీ చచ్చినవే. ప్రాణమున్నది ఒక్కటే. గండి పడితే అనుమతి కోసం ఆగక్కరలేదు. ఉన్న సామాను వాడి, దొరికిన మనుషుల్ని పెట్టి ముందు పూడ్చు, తరవాత రాయి. డైరెక్టర్‌గారి ఉత్తర్వు ప్రకారం నీటిపారుదల నియమాలన్నీ, ఎర్ర గీతతో సహా, మాకు వర్తిస్తాయి.

"రెహానా, చిట్టిలంక దగ్గర అంతర్జాలానికి గండి పడింది. రాసుకో," అన్నాను.

ఆ అమ్మాయి ఒక్క క్షణం నా మొహం చూసింది. "ఎంత వెడల్పు సార్?"

"నాలుగు కిలోమీటర్లు."

శనివారం తెల్లారేసరికి కేబులు చుట్ట హైవే జంక్షన్లో ఉంది. బుల్లబ్బాయి హోటలు మూసేసి పనివాళ్లందరితో వచ్చాడు. లంక నుంచి పడవలవాళ్లు వచ్చారు. గంగరాజు కాలికి కట్టుతోనే గొడుగు వేసుకుని కూర్చుని, తీగ చుట్ట నుంచి సాఫీగా జారుతోందో లేదో చూశాడు. రాజ్యం, సత్యవతిగారు గంపెడు పులిహోర చేసి పంపారు. రెహానా స్తంభం మీద స్తంభం ఎక్కుతూ పోయింది. నాకు ఏ పనీ రాదని అందరికీ తెలిసి, నన్ను నిచ్చెన పట్టుకోమన్నారు. రెండు రోజులు నిచ్చెన పట్టుకున్నాను. డెల్టాలో నేను కట్టించిన ఏ కాలవ లాకు దగ్గరా నాకు ఇంత పని దొరకలేదు.

ఆదివారం పొద్దు వాలేలోపు రెండో లైను వెలిగింది. రెహానా వీధి వీధికీ తిరిగి పెట్టెలన్నీ విప్పేసింది. సోమవారం లారీ వచ్చి, ఖాళీ చుట్టను సంతకం పెట్టించుకుని మరీ తీసుకుపోయింది.

నెలాఖరుకు విచారణాధికారిగా పట్టాభిగారనే పెద్దాయన వచ్చారు. చాలా నిక్కచ్చి మనిషని పేరు.

"గండి ఎక్కడ పడింది? చూపించండి," అన్నారు.

"పూడ్చేశామండి. పూడ్చిన గండి కనబడితే పూడ్చినట్టు కాదు కదండీ."

ఆయన అది రాసుకున్నారు. రుజువు కావాలన్నారు. ఏడున్నరకు మా ఇంటికి తీసుకెళ్లాను. రాజ్యం కాఫీ ఇచ్చి, టీవీ పెట్టింది. ఆయన గుమ్మడిపూలు మొదటి నుంచి చివరిదాకా చూశారు. ఒక్కసారి కూడా బొమ్మ ఆగలేదు. మధ్యలో ఆ పెద్దకోడలు ఎవరి తాలూకు అని అడిగారు, రాజ్యం వివరంగా చెప్పింది. మర్నాడు నివేదిక రాశారు: "ప్రత్యక్షంగా పరిశీలించిన మీదట గండి సంపూర్ణంగా పూడినట్లు నిర్ధారించడమైనది. ఆగిన ప్రవాహం ఎక్కడా కానరాలేదు."

దాని మీద నన్ను శిక్షించనూ లేక, మెచ్చుకోనూ లేక, ఆర్నెల్ల తర్వాత కాలవలకే తిప్పి పంపుతామని రాశారు. ఉపకేంద్రంలో డాక్టరుగారు రోజూ కనబడుతున్నారు. సువార్తమ్మ పడవలో ఇటు వచ్చినప్పుడల్లా ఆఫీసులో అరటిగెల ఒకటి దించి వెళుతోంది.

నేను వెళ్లిపోయే ముందు వారం, ఊరివాళ్లు మళ్లీ గుంపుగా వచ్చారు. ఈసారి ముందు బుల్లబ్బాయి, అతని పక్కన రాజ్యం.

"లైను మళ్లీ ఆగిపోతోందండి. పద్దెనిమిది రోజుల నుంచి ఆ చిన్నకోడలు ట్రేలో కాఫీ పట్టుకుని హాల్లోకి నడుస్తూనే ఉందండి. మావగారి దాకా చేరలేదండి," అన్నాడు బుల్లబ్బాయి.

"మా ఇంట్లోనూ అంతే," అన్నది రాజ్యం కఠినంగా.

రెహానా గంటసేపు లైను పరీక్షించింది. మొదటి లైను చూసింది, రెండోది చూసింది, పెట్టెలు చూసింది. చెమట తుడుచుకుని వచ్చి చెప్పింది.

"లైనులో ఏ లోపమూ లేదు సార్. అంతా సాఫీగా పారుతోంది. కథే నడవట్లేదు."

అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి నిలబడి, చేతులు జోడించి, ఇది మా శాఖ పరిధిలోకి రాదని మనవి చేసుకున్నాను. ఇన్నేళ్ల సర్వీసులో వేలసార్లు చెప్పిన మాటే. నిజమై ఉండగా చెప్పడం మాత్రం అదే మొదటిసారి.